సీతాలు నడుచును

మా లఘుచిత్రంలో గేదె పాత్ర ఏడు సెకన్లు. సూర్యాస్తమయం వేళ కాలవగట్టు మీద నడిచి వెళ్లాలి. మాటల్లేవు, పాటల్లేవు. పారితోషికం రెండు మోపుల పచ్చగడ్డి.

బాపు 1967లో వచ్చిన ‘సాక్షి’ని తీసిన పులిదిండి మా ఊరికి దగ్గరే. ఆ గాలి పీల్చి పెరిగినవాణ్ణి కనక, గోదారి ఒడ్డున కెమెరా పెడితే చాలు, సినిమా దానంతటదే వచ్చి పడుతుందనుకున్నాను. నిర్మాత అయిన మా బావ మాత్రం, “ముందు అనుమతులు తే, తరవాత డబ్బులడుగు” అన్నాడు.

సరేనని గట్టెక్కి చూశాను. అప్పటిదాకా అందంగా ఉన్న దృశ్యం ఆఫీసుల వారీగా విడిపోయింది. కాలవ ఇరిగేషన్ వాళ్లది. గట్టు మీది రోడ్డు పంచాయతీది. వెనకాల గోపురం దేవాదాయ శాఖది. జనం పోగైతే పోలీసులకి చెప్పాలి. ఎవరినీ అడక్కుండా వాడుకోదగ్గది సూర్యుడొక్కడే.

డ్రోన్ కుర్రాడు నిబ్బరంగా ఉన్నాడు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తుదాకా ఎగరెయ్యడానికి అనుమతి అక్కర్లేదట. గేదె నేల మీద నాలుగడుగులు వెయ్యాలంటే మాత్రం, 2001 నాటి నిబంధనల కింద జంతు సంక్షేమ మండలికి దరఖాస్తు పెట్టాలి. ఆ మండలి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. మా గేదె సీతాలు పక్క మండలమే చూసి ఎరగదు.

సన్నివేశంలో జంతువు ఏం చేస్తుందో రాయమన్నారు. “సీతాలు నడుచును” అని రాశాను. రాత్రంతా ఆలోచించి, “నెమరు వేసిననూ వేయవచ్చును” అని కలిపాను. రేపు అది నమిలితే, కథ మార్చేశావంటారేమోనని నా భయం.

పశువుల డాక్టరుగారు వచ్చి సీతాలు చెవికున్న పసుపుబిళ్ల మీది 12 అంకెల నంబరు రాసుకున్నారు. మా హీరో ఎక్కడికెళ్లినా ఆధార్ ఇంట్లో మర్చిపోతాడు. సీతాలు చెవికి తగిలించుకునే తిరుగుతుంది. “ఆరోగ్యం బాగుంది. కానీ చూడిది, తొందరగా కానిచ్చుకోండి” అని చెప్పి సంతకం పెట్టారు.

కాగితాలన్నీ చేతికొచ్చాయి. సరిగ్గా అప్పుడే హీరో పెళ్లిచూపులని గడ్డం గీయించుకున్నాడు. సంబంధం కుదర్లేదు. గడ్డం మాత్రం తీరిగ్గా, రెండు నెలలకి పెరిగింది.

షూటింగు రోజు సీతాలుని దాన్ని మేపే తాత తోలుకొచ్చాడు. వెనకాలే గంతులేస్తూ దూడ.

“తాతా, దూడకి అనుమతి లేదు. కట్టెయ్యి” అన్నాను.

“పాలు తాగే పిల్లకి కాయితమేంటి బాబూ?” అంటూనే కట్టేశాడు తాత. సీతాలు కదిలితే ఒట్టు. విప్పితే ఇద్దరూ ఫ్రేములోకొచ్చేస్తున్నారు. కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం. బావ వాచీ చూసుకుంటున్నాడు.

ఈలోగా, ఎవరి అనుమతీ అక్కర్లేని ఆ సూర్యుడు కాస్తా అస్తమించాడు.