గుండెకు మంచిదట

ముట్లుడిగే దాకా ఆడవాళ్ళకి గుండెపోటు అరుదు. ఆ తర్వాత ఏడాదికేడాది ముప్పు పెరుగుతూ పోతుంది. డాక్టర్లు ఈ సంగతి చాలాకాలం నుంచీ చూస్తూనే ఉన్నారు. అన్నేళ్ళు గుండెని కాచినదేదో ఆడవాళ్ళ ఒంట్లోనే ఉండాలి, అది ఈస్ట్రోజెనే అయ్యుండాలి అనుకున్నారు. అనుకోవడంలో తప్పేమీ లేదు. పరీక్షించకుండానే దాన్ని మందుచీటీ మీదికి ఎక్కించడం తప్పు.

మందు అప్పటికే దుకాణాల్లో ఉంది. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్లని ప్రెమరిన్ అనే పేరుతో అమెరికాలో 1942 నుంచి అమ్ముతున్నారు. ఒంట్లోంచి వేడి ఆవిర్లు పుట్టి, పక్కంతా చెమటతో తడిసి, రాత్రంతా నిద్రలేక అల్లాడే మనిషికి అది నిజంగా ఉపశమనం ఇచ్చింది. డాక్టరు సలహాతో వాడేవాళ్ళకి ఇప్పటికీ ఇస్తోంది. దాంతో నాకు పేచీ లేదు. కానీ 1966లో రాబర్ట్ విల్సన్ అనే న్యూయార్క్ గైనకాలజిస్టు ‘ఫెమినైన్ ఫరెవర్’ అని ఒక పుస్తకం రాశాడు. ముట్లుడగడమే ఒక జబ్బన్నాడు. ఈ హార్మోను మింగుతూ ఉంటే ఆడతనం వాడిపోదన్నాడు. పుస్తకం విరగబడి అమ్ముడుపోయింది. ఆయనకి మందుల కంపెనీల సొమ్ము అందిందన్న సంగతి తర్వాతెప్పుడో బయటికొచ్చింది.

అదే ఏడాది, అదే దేశంలో, ఒక మంచి పని కూడా మొదలైంది. దాని పేరు కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్. ప్రభుత్వం డబ్బు పెట్టింది. 53 కేంద్రాల్లో 8,341 మంది రోగుల్ని చేర్చుకున్నారు. అందరూ 30 నుంచి 64 ఏళ్ళ మధ్యవాళ్ళు, గుండెపోటు వచ్చి బతికి బయటపడ్డవాళ్ళు. ఎవరికి ఏ మందో డాక్టరు ఇష్టానికి వదలకుండా, చీటీలు తీసినట్టు పంచారు. కొందరికి ఉత్తుత్తి మాత్ర, కొందరికి కొలెస్టరాల్ తగ్గించే వేరే మందులు, రెండు గుంపులకి ప్రెమరిన్. ఒక గుంపుకి రోజుకి 2.5 మిల్లీగ్రాములు, ఇంకో గుంపుకి 5. ముట్లుడిగాక వాడే మామూలు మోతాదు 0.625 మాత్రమే కాబట్టి, ఈ రెండూ పెద్ద మోతాదులే.

కథ అడ్డం తిరిగింది. ప్రెమరిన్ మింగినవాళ్ళలో చాలామందికి రొమ్ములు వాచి సలపడం మొదలైంది. కోరిక తగ్గిపోయిందని చెప్పినవాళ్ళున్నారు. అంతటితో ఆగినా సరిపోయేది. గుండెని కాపాడుతుందని ఇచ్చిన మందు, 5 మిల్లీగ్రాముల గుంపులో మళ్ళీ గుండెపోటు తెచ్చిపెట్టింది, రక్తంలో గడ్డలు కట్టించింది. 1970లో ఆ మోతాదు ఆపేశారు. చిన్న మోతాదు గుంపుని ఇంకొన్నాళ్ళు చూశారు. మేలేమీ కనపడలేదు, గడ్డల భయం మాత్రం కనపడింది. 1973లో అదీ ఆపేశారు. ఏదీ దాచలేదు. అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చువేసి ప్రపంచానికంతా చెప్పారు. ప్రాణం విలువ తెలిసినవాళ్ళు చేసే పనే చేశారు, కాబట్టి వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

మరి ఆ మాత్ర ఇళ్ళలోంచి పోయిందా అంటే, పోలేదు.

1975లో ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడేవాళ్ళకి గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ వస్తోందని తేలి అమ్మకాలు పడిపోయాయి. ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోను జతచేస్తే ఆ ముప్పు తగ్గుతుందన్నారు. మళ్ళీ పుంజుకుంది. ఈసారి ఎముకలకి మంచిదన్నారు, గుండెకి ఇంకా మంచిదన్నారు. ఆధారమేమిటంటే, హార్మోను వాడుతున్న ఆడవాళ్ళకి గుండెజబ్బు తక్కువగా ఉందని లెక్కలు చూపించారు. కానీ అలా ఏళ్ళ తరబడి మందు వాడగలిగింది ఎవరు? చేతిలో డబ్బున్నవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, వేళకి డాక్టరు దగ్గరికి వెళ్ళగలిగినవాళ్ళు. వాళ్ళ గుండె బాగుండడానికి మాత్రే కారణం కానక్కర్లేదు. ఇంత చిన్న అనుమానాన్ని తీర్చుకోకుండా లక్షలమందికి మందు రాశారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

1990లో కంపెనీ ఒక అడుగు ముందుకేసింది. ప్రెమరిన్‌ని గుండెజబ్బు రాకుండా కాపాడే మందుగా ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళకీ అమ్ముకుంటామని ప్రభుత్వాన్ని అనుమతి అడిగింది. మహిళా ఆరోగ్య ఉద్యమకారులు ఎదురు నిలిచి, సరైన పరీక్ష ఎక్కడ చేశారో చూపించమన్నారు. అనుమతి రాలేదు. మరుసటేడు అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకి మొదటి మహిళా డైరెక్టరుగా వచ్చిన గుండె వైద్యురాలు బెర్నడిన్ హీలీ ఆ పరీక్ష చేయిస్తానని ప్రకటించింది. ఆ ఫలితం రాకముందే, 1998లో, గుండెజబ్బున్న 2,763 మంది మీద చేసిన ఇంకో పరీక్షలో హార్మోను గుండెని కాపాడడం లేదని తేలింది. పైగా మొదటి ఏడాది గుండెపోట్లు ఎక్కువయ్యాయి. హీలీ మొదలుపెట్టించిన పరీక్షలోనూ, 16,608 మంది చేరిన జంట హార్మోన్ల భాగాన్ని 2002 జులైలో గడువు తీరకముందే ఆపేశారు. పదివేల మంది ఏడాదిపాటు మింగితే గుండెపోట్లు ఏడు, పక్షవాతాలు ఎనిమిది, రొమ్ము క్యాన్సర్లు ఎనిమిది ఎక్కువ. మర్నాటి నుంచి డాక్టర్ల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళూ మింగిన మా సంగతేమిటని ఆడవాళ్ళు అడిగారు.

గుండెకి పనికిరాదని 1973కే తేలి, అచ్చులో కూడా వచ్చిన మందుని ఇంకో ఇరవై తొమ్మిదేళ్ళు గుండె పేరు చెప్పి ఎలా మింగించారు? ఈ ప్రశ్నకి వైద్యలోకం దగ్గర జవాబు ఉంది. ఆ పాత పరీక్ష ఫలితం ఆడవాళ్ళకి వర్తించదు.

ఆడవాళ్ళ హార్మోనుతో చేసిన ఆ పరీక్షలో చేరిన 8,341 మందీ మగవాళ్ళే.