వైఫై పద్యమునకు టీకా తాత్పర్యము

మూలము

తే. వేయి ఫోనులు చేరిన వేళ సభకు
గాలి యొక్కటె, ఛానళ్ళు కావె మూడు?
తీగ లాగిన వానిదే తెలివి సుమ్ము
వినుము పెదపాటి సీమలో వెలయు శిష్య!

అవతారిక

పెదపాడు మండలము వట్లూరులో సర్ సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల 1989లో వెలసినది. ఆ పేరుగల కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి వైస్ ఛాన్సలర్. 'కవిత్వతత్త్వ విచారము' వ్రాసి పండితులను ఉలికిపడజేసినవారు. అట్టివారి పేరు వినబడు ఊరిలో ఇట్టి పద్యమునకు వ్యాఖ్య వ్రాయుట సాహసమే. అయినను ఏ కళాశాలలోనైనను టెక్ ఫెస్టు వచ్చినదనగా డెమోలు, డెమోలనగా వైఫై, వైఫై యనగా ఏడుపు తప్పుట లేదు గనుక పూనుకొంటిని. కాళిదాసు హృదయమేమో అడిగి తెలిసికొను వీలు మల్లినాథసూరికి లేకపోయెను. ఇచట మూలకర్తయు వ్యాఖ్యాతయు ఒకరే. ఆ చిక్కు లేదు.

టీక

వేయి ఫోనులు = మనుష్యుల లెక్క కాదు, పరికరముల లెక్క. ఫోను, ల్యాప్‌టాప్, చేతికి స్మార్ట్‌వాచి కలుపుకొనిన, ఐదువందలమంది కూర్చున్న సెమినార్ హాలులో వేయి దాటును.

చేరిన వేళ = పద్యమునకు ప్రాణము ఇచటనే యున్నది. ముందునాటి రాత్రి ఖాళీ హాలులో పరీక్షించి "సూపర్ స్పీడండీ సార్" అని చెప్పు కుర్రవాడు అబద్ధమాడుట లేదు. అప్పుడు లోపల నున్నది వాడును, వాచ్‌మనును. మనిషి ఒడలిలో హెచ్చుభాగము నీరు, 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను నీరు మ్రింగును. కావున జనము నిండిన హాలు వేరొక హాలని గ్రహింపవలెను.

గాలి యొక్కటె = ఒక ఛానలు మీద ఒక క్షణమున ఒక్కరే మాటలాడవలెను, తక్కినవారు ఆగవలెను. చెరువులో చేపపిల్ల మితిమీరి వేసినచో డీఓ (నీటిలో కరిగిన ప్రాణవాయువు) పడిపోయి, తెల్లవారుజామున చేప నోరు తెరచి పైకి తేలుట కొల్లేటివారికి చెప్పనక్కరలేదు. రౌటరు గతియు అంతే.

ఛానళ్ళు కావె మూడు = శంక: మన దేశమున 2.4లో ఛానళ్ళు పదమూడు గదా? సమాధానము: పదమూడే. కాని ఒక్కొక్కటి సుమారు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు, నడుమ ఎడము 5 మాత్రమే. ఒకదానినొకటి ఒరసికొనక నిలుచునవి 1, 6, 11. మరల శంక: 5 గిగాహెర్ట్జ్‌కు పోరాదా? ప్రేక్షకులు పోవచ్చును, వారిని అటే తోలుడు. డెమోలు పోలేవు! ఈ సీమలో విద్యార్థి ప్రాజెక్టనగా చెరువులో డీఓ కొలిచి రైతు ఫోనుకు పంపు పెట్టె తరచుగా కనబడును. అందులోని ఈఎస్‌పీ8266 చిప్పు 2.4 తప్ప మరొకటి ఎరుగదు. లాగిన్ పేజీ వచ్చి ఓటీపీ అడిగినచో చెప్పుటకు దానికి నోరు లేదు. ఫైర్‌వాల్ 1883 పోర్టు మూసినచో ఆ పోర్టునే నమ్ముకొన్న ఎంక్యూటీటీ సందేశము గడప దాటదు. జడ్జీగారు వచ్చు వేళకు పెట్టెలో ఎర్రదీపము మాత్రము మిణుకుచుండును.

తీగ లాగిన వానిదే = డెమో బల్ల దాకా కేబులు తెచ్చినవానిదే. ల్యాప్‌టాప్ డెమోలన్నియు తీగ మీదికి పోయినచో, పాపము ఆ చిప్పుకు గాలి మిగులును. కేట్6 పెట్టెలో 305 మీటర్లుండును. ఒక వరుస 100 మీటర్లు దాటరాదు. స్విచ్చిని యూపీఎస్‌కు తగిలింపవలెను. కంప్యూటరుకు యూపీఎస్ పెట్టి మూలనున్న స్విచ్చిని మరచుట సంప్రదాయముగా వచ్చుచున్నది.

తాత్పర్యము

ఓ శిష్యా! ఫోనులన్నియు గాలికై కొట్టుకొను చోట నీ డెమోను గాలికి వదలకుము.

విశేషములు

ఇందుకు ఇతిహాసము కలదు. 2010 జూన్ 7న సాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐఫోన్ 4 చూపుచుండగా పేజీ తెరచుకొనలేదు. హాలులో 570 వైఫై స్టేషన్లు నడచుచున్నవని చెప్పి, ల్యాప్‌టాపులు నేల మీద పెట్టి వైఫై ఆపుడని ఆయన సభికులను వేడుకొనెను. ఆయనకే తప్పనిది ఫైనలియర్ వానికి తప్పునా?

ఐపీ చిరునామాల సంగతి మూలమున లేదు, గణములు చాలలేదు. చిన్న రౌటరు మామూలు అమరికలో పంచునవి 254కు మించవు. భోజనమునకు పోయి తిరిగిరాని వాని చిరునామాను సైతము గడువు తీరువరకు పట్టుకొని కూర్చుండును. గడువు గంటకు తగ్గించిన చాలును.

ఫైబరు కరెంటు స్తంభముల మీదుగా వచ్చుచోట గాలివానకు రెండును కలిసియే పోవచ్చును. వేర్వేరు కంపెనీల సిమ్ములు రెండు దగ్గరనుండవలెను.

'తీగ లాగని వానిదే' అని బ్రోచరు ప్రతిలో పాఠాంతరము కలదు. అది ఫ్లెక్సీ వ్రాసినవాని పాఠము, గ్రాహ్యము కాదు.

నిర్వాహకులకు విన్నపము: ఎన్ని పరికరములు, ఏ పోర్టు, తీగయా గాలియా అని డెమో ఫారములోనే అడుగుడు. లాగిన్ పేజీ లేని వైఫై ఒకటి, వేరు పేరుతో, ఆ చిప్పులకే కేటాయింపుడు. ఫ్లెక్సీ మీద అతిథుల ఫొటోలు ఒక వరుస తగ్గించి, ఆ డబ్బుతో కేబులు పెట్టె ఏలూరు నుండి తెప్పింపుడు. విద్యార్థులారా, డెమో వీడియో ముందే తీసి పెన్‌డ్రైవులో వేసికొని రండు.