దశఘంటాసనం

2025 జూన్ 21న, యోగా దినోత్సవం నాడు, విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి మీదుగా భోగాపురం దాకా తీరం పొడవునా చాపలు పరిచారు. ప్రధాని వచ్చారు. సుమారు 3 లక్షల మంది ఒక్కసారే ఊపిరి పీల్చి వదిలారు. గిన్నిస్ వాళ్లు రాసుకుపోయారు. ఒకే భూమి, ఒకే ఆరోగ్యం అన్నారు. శుభం.

అదే జూన్ మొదటి వారంలో రాష్ట్ర మంత్రివర్గం ఇంకో ఆసనానికి ఆమోదముద్ర వేసింది. ఫ్యాక్టరీలో రోజుకి 9 గంటల పని 10కి, విశ్రాంతి లేకుండా చేసే పని 5 గంటల నుంచి 6కి, మూడు నెలల ఓవర్‌టైమ్ 75 గంటల నుంచి 144కి సాగాయి. సాగదీయడమూ యోగమే కదా! దీన్ని దశఘంటాసనం అందాం. వారానికి 48 గంటల గీత చెరపలేదుగా అంటారు ఏలినవారు. నడుముకి వారాల లెక్క రాదు బాబూ, పదో గంట దానికి ఆ పూటే తెలిసిపోతుంది.

నలభై అయిదు దాటాక బీపీ, షుగరు పలకరిస్తే తప్పెవరిది? కార్మికుడిదే, వాడి జీవనశైలిదే! వేళకి తినడు, నిద్రపోడు, ఖైనీ మానడు. ఉక్కు ఫ్యాక్టరీలో ఈ వారం ‘ఏ’ షిఫ్టు, పై వారం ‘బీ’, ఆపైన ‘సీ’. వేళకి తినమంటే ఏ వారం వేళకి? సీ షిఫ్టులో రాత్రి పదికి ఎక్కి పొద్దున ఆరుకి దిగినవాడు, మిట్టమధ్యాహ్నం రేకుల కింద కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుంటాడు. ఖైనీ వాడి సరదా కాదు, తెల్లవారుజామున మూడింటికి రెప్పకి పెట్టుకున్న ఊతకర్ర.

రాత్రి షిఫ్టు క్యాన్సర్ కారకం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2007లోనే చెప్పింది. కోక్ ఓవెన్ల పనికైతే ఆ ‘కావచ్చు’ కూడా లేదు, కారకమే. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని 2021లో లెక్క తేల్చారు. ఇవేవీ ‘జీవనశైలి’ కిందకి రావు కాబోలు!

భీమిలిలో చేపల గంప మోసి మెడ అరిగిన ముసలమ్మకీ సలహా సిద్ధం: నెత్తిన బరువు పెట్టకు. ‘‘మరి పొయ్యి ఎవులు ఎలిగిస్తారు బాబూ?’’ అంటే మాత్ర రాసిచ్చి పంపడమే.

అయ్యలారా, యోగా మీద మాకు కోపం లేదు. వచ్చే ఏడాది చాపలు ఫ్యాక్టరీ గేటు ముందు పరవండి. ముందు మీరు లోపలికెళ్లి వారం రోజులు వరసగా సీ షిఫ్టు చేసి రండి. మీ బీపీ మేం చూస్తాం, ఉచితంగా. ఎక్కువుంటే మీ జీవనశైలి బాగోలేదని చీటీ రాసిస్తాం.