మొక్కకింత

మొక్కలు నాటాలంటే ప్రకృతి మీద ప్రేమ ఉండాలని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ప్రేమ పొంగిన చోటల్లా మొక్క ఒకటి, దాన్ని పట్టుకున్న చేతులు పన్నెండు కనిపించడం వేరే సంగతి. ఆ ప్రేమతో నిమిత్తం లేకుండా మొక్కలు లేచే చోటు ఒకటుంది. కెనడాలో, బ్రిటిష్ కొలంబియా అడవుల్లో, ఊళ్లకు దూరంగా వేసవిలో వెలిసే డేరాల బస అది. నరికిన చోట మళ్లీ చెట్లు లేపి తీరాలని అక్కడ కలప కంపెనీలను 1987 నుంచి చట్టం పట్టుకుంది. ఆ భారం కాంట్రాక్టర్ల మీదుగా దిగి దిగి, కాలేజీ ఫీజు కట్టుకోవాల్సిన కుర్రకారు నడుముకు నారు సంచులై వేలాడుతుంది. కూలి రోజుకింత కాదు, మొక్కకింత. నేల తీరును బట్టి 10, 15, 20 సెంట్లు, కాస్త అటూ ఇటూగా. అక్కడ పచ్చదనం తెస్తున్నది ఈ చిల్లరేనని, ప్రేమ కాదని నా వాదన.

పని చూస్తే మీకే తెలుస్తుంది. పొద్దున్నే హారన్ మోగగానే నిన్నటి తడి సాక్సులే మళ్లీ తొడుక్కోవాలి. వంటమనిషితో తగువు పెట్టుకోకుండా (ఆ బసలో అసలు ప్రభుత్వం ఆవిడే) కడుపు నింపుకుని ట్రక్కెక్కాలి. ఇక అక్కడి నుంచి ఒకటే పని. బూటుతో పైచెత్త తన్నాలి, పార దించి ముందుకూ వెనక్కూ ఆడించాలి, పడిన చీలికలోకి జానెడు మొక్కను వేరు మడత పడకుండా జార్చాలి, మడమతో ఒక తొక్కు తొక్కాలి. నాలుగడుగులు వేసి మళ్లీ మొదలు. చెవుల వెనక నల్ల ఈగలు రక్తం తాగుతుంటాయి, తోలడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఆరితేరినవాళ్లు ఇలా రోజుకు రెండు మూడు వేలు నాటేస్తారు. 2021 జులైలో ఆల్బర్టాలో ఆంట్వాన్ మోజెస్ అనే యువకుడు 24 గంటల్లో 23,060 నాటి గిన్నిస్‌కెక్కాడు. అంటే మొక్కకు నాలుగు సెకన్లు కూడా పట్టలేదు. ఆ వ్యవధిలో ఎంత చెట్టుప్రేమికుడైనా ప్రేమించడం మొదలుపెట్టేసరికే మొక్క పాతుకుపోతుంది.

మన దగ్గర గుత్తకు వరినాట్లు వేసే ఆడకూలీలకు ఇదంతా విడమరిచి చెప్పక్కర్లేదు. ఎకరానికింత అని మాట్లాడుకున్నాక చేతుల వేగమే వేరు. గట్టు తగాదాలు కూడా ఆ కెనడా బసలో దండిగానే ఉన్నాయి. రాళ్లూ కొమ్మలూ లేని మెత్తటి నేలను వాళ్లు ‘క్రీమ్’ అంటారు. పక్కవాడు ఆ క్రీమంతా తానే నాటేసుకుని రాళ్లగుట్ట మనకు వదిలాడా, ఆ రాత్రి భోజనాల డేరాలో కూర కంటే మాటలే వేడిగా ఉంటాయి.

డబ్బు కోసమైతే మోసం రాదా అంటారు. రాకేం? మొక్కలను కట్టలకు కట్టలు దుంగల కింద పూడ్చిపెట్టి లెక్కలో రాసుకున్న ఘనులు ఆ పనిలోనూ ఉన్నారు. 3.99 మీటర్ల తాడు ఉన్నది వాళ్ల కోసమే. తనిఖీ మనిషి ఆ తాడును గుండ్రంగా తిప్పితే 50 చదరపు మీటర్ల వలయం వస్తుంది. అందులో తేలిన మొక్కలను 200తో హెచ్చవేస్తే హెక్టారు లెక్క. 1600 కావాలంటే వలయంలో ఎనిమిది ఉండి తీరాలి. అంతటితో పోనివ్వడు, మొక్క కొస పట్టి లాగుతాడు, ఊడొస్తే తప్పు. తవ్వి చూస్తాడు, వేరు కొక్కెంలా వంగి ఉంటే తప్పు. తప్పులు మితిమీరితే ఆ నేలంతా మళ్లీ నాటాలి, ఈసారి ఉచితంగా. ప్రేమతో నాటినవాణ్ని ఇలా పరీక్షిస్తే మనసు నొచ్చుకుంటాడు. కూలికి నాటినవాడు తిట్టుకుంటూనే సరిచేస్తాడు.

అది అడవి కాదు, కలప పంట అన్నది మాత్రం గట్టి అభ్యంతరం. నిజమే. లాడ్జ్‌పోల్ పైన్, స్ప్రూస్ లాంటి కలప జాతులు పెట్టేస్తే వందల ఏళ్ల అడవి తిరిగొస్తుందా? నరికినవాడే నాటించడంలో పుణ్యం పాలు తక్కువ, వ్యాపారం పాలు ఎక్కువ. కానీ ఏ జాతి వెయ్యాలో తేల్చేది డేరాలో పడుకునేవాడు కాదుగా! పైగా అక్కడి చట్టం ‘నాటేశాం’ అంటే వదలదు. మొక్క తుప్పల్ని దాటి సొంతంగా ఎదుగుతోందని ఏళ్ల తర్వాత తేలేదాకా పూచీ కంపెనీదే. మనకు 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన వన మహోత్సవం ఉంది. ప్రేమకు కొదవ లేదు, ఫొటోలకు అసలే లేదు. నిరుడు తవ్విన గుంట ఈ ఏడూ పనికొస్తే అదో పొదుపు. అయితే వన మహోత్సవంలో మొక్క నాటే మంత్రిగారికీ మొక్కకింత ఇద్దామా అని మీరడగొచ్చు. ఇవ్వొచ్చు, ఒక్క మొక్కే కాబట్టి ఖజానాకు బరువేమీ కాదు. చిక్కల్లా, తాడు పట్టుకుని వెళ్లి ఆయన నాటిన మొక్క కొస లాగి చూసే ఉద్యోగానికి ఎవరు దరఖాస్తు పెడతారన్నదే.