‘నీళ్లు పడలే’ అన్న మాటను మూటలో కట్టుకుపోకండి

అయిజ బస్టాండులో తెల్లారకముందే మూటలు దిగుతాయి. జొన్నరొట్టెల డబ్బా, సత్తు గిన్నెలు, చుట్టిన చాప, వాటికి ఆనుకుని కునికే పిల్లలు. ముంబైకో పుణెకో బిల్డింగు పనికి పోయేవాళ్లు. బస్సు కదిలే ముందు సాగనంప వచ్చిన అవ్వ చెబుతుంది: “నీళ్లు మారుతయి బిడ్డా, కాగబెట్టుకోని తాగండ్రి. లేకుంటే సలిజరం పట్టుకుంటది.” ప్రేమతో చెప్పే మాటే. కానీ చలిజ్వరం గురించి మా వైపు వినబడే సలహాల్లో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే.

నీళ్లు కాగబెట్టుకోండి, వాంతులు, విరేచనాలు, పచ్చకామెర్లు, టైఫాయిడ్ తప్పుతాయి. చలిజ్వరం తెచ్చే మలేరియా మాత్రం నోట్లోంచి రాదు. ఈ పొరపాటు మా అవ్వలది మాత్రమే కాదు. దోమలు పడి చచ్చిన నీళ్లు తాగితే మలేరియా వస్తుందని ఇంగ్లండులో పెద్ద డాక్టరు పాట్రిక్ మాన్సన్ కూడా అనుకున్నాడు. ఆయన మాట మీద రోనాల్డ్ రాస్ అనే డాక్టరు మన సికింద్రాబాదులోనే అలాంటి నీళ్లు మనుషులకు తాగించి చూశాడు. ఫలితం తేలలేదు. 1897లో హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలచేత కుట్టించారు, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చి. ఆ దోమలను కోసి చూస్తుండగా ఆగస్టు 20న మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి దొరికింది. మరుసటి ఏడాది కలకత్తాలో ప్రయోగాలు చేసి, పక్షుల మలేరియా దోమకాటుతోనే పాకుతుందని రాస్ నిరూపించాడు. సికింద్రాబాదులో తెలిసిన సంగతి అయిజ వాకిళ్లకు ఇంకా చేరలేదంటే నాకు బాధగా ఉంటుంది.

రెండో తప్పుడు సలహా: “మోరీ పక్కన పడుకోకు, కొత్త బిల్డింగైతే ఏం గాదు.” ముంబై, మంగళూరు లాంటి నగరాల్లో మలేరియా మోసే అనాఫిలిస్ దోమ మోరీలో పెరగదు, దానికి శుభ్రమైన నీళ్లే కావాలి. స్లాబు మీద క్యూరింగ్‌కు కట్టిన నీళ్లు, లిఫ్టు గుంత, మూతలేని డ్రమ్ము, పైనున్న ట్యాంకు దాని ఇళ్లు. ఒక పొద్దున డ్రమ్ములోకి వంగి చూడండి. మురికినీటి దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతుంటాయి. మలేరియా దోమపిల్ల నీటి మీద గడ్డిపరకలా అడ్డంగా, చదునుగా పడుకుని ఉంటుంది, నీడ పడితే చటుక్కున పక్కకు జరుగుతుంది. గుడ్డు దోమగా ఎగరడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికోరోజు డ్రమ్ము ఒంపేసి, లోపల రుద్ది, ఎండబెట్టండి. మూత లేకపోతే పాత చీర కట్టండి.

“పొద్దంత అలసిపోతవ్, కొంచెం మందేసుకుని పడుకో, దోమ కుట్టింది కూడా తెల్వదు” అని తోటి మగవాళ్లు చెబుతారు. తెలియకపోవడమే ప్రమాదం. పైగా బుర్కినా ఫాసో దేశంలో బీరు తాగినవాళ్ల వైపు మలేరియా దోమలు ఎక్కువగా వచ్చాయని 2010లో అచ్చయిన ఒక పరిశోధన చూపించింది. వెల్లుల్లి తినడం, ఫోనులో సప్పుడు చేసే యాప్ పెట్టుకోవడం, ఇవేవీ నమ్ముకోకండి.

మలేరియా దోమ పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా కుడుతుంది. కూలిపని చేసే మనిషికి దోమతెరే నిజమైన కాపు, మందు పట్టించినదైతే మరీ మంచిది. ఉక్కపోస్తుందని తీసి పక్కన పెడతారు, నాకు తెలుసు. నాలుగు మూలలకు నాలుగు దారాలు కట్టి, అంచు చాప కిందికి దోపి, పసిపిల్లలను, కడుపుతో ఉన్న ఆడమనిషిని ముందు లోపల పడుకోబెట్టండి. అడ్వాన్సు మాట్లాడేనాడే గుంపు మేస్త్రీతో “మనిషికో దోమతెర” అని ఒప్పించుకోండి. పనికి చేరాక అడిగితే ఎవరూ వినరు.

“పోయేముందు ఒక మాత్ర మింగు, సరిపోతది” అనేవాళ్లూ ఉన్నారు. ఒక్క మాత్రతో ఏదీ సరిపోదు. బస్తర్, మల్కన్‌గిరి లాంటి అడవి ప్రాంతాలకు ఆరువారాల లోపు పోయివచ్చే పెద్దవాళ్లకు డాక్టర్లు డాక్సీసైక్లిన్ రాస్తారు. రెండు రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్ని రోజులూ రోజూ వేసుకుని, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు అది పనికిరాదు. కాబట్టి డాక్టరును అడగకుండా కొనకండి. ఏ మాత్ర వేసుకున్నా దోమతెర మానకూడదు.

ఇక మా చిన్నాయన సంగతి. ముంబై నుంచి వచ్చిన కొన్ని నెలలకు, పత్తి విత్తనాల క్రాసింగు పనులు జోరుగా ఉన్నప్పుడు, చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడేవి. కాసేపటికి ఒళ్లు కాలిపోయేది, ఆ తర్వాత చెమటకు చొక్కా తడిసిపోయేది. మరునాడు లేచి చేనికి పోయేవాడు. ఆ మరునాడు మళ్లీ అదే వణుకు. “ముంబై నీళ్లు పడలే” అన్నారు అందరూ. ఎవరో ఒక సూది వేశారు, జ్వరం తగ్గింది, మళ్లీ వచ్చింది. మూడోసారికి రక్తపరీక్ష చేయిస్తే వైవాక్స్ అని తేలింది.

ఈ రకం క్రిమి కాలేయంలో నెలల తరబడి దాక్కుని మళ్లీ లేస్తుంది. దాన్ని అక్కడే చంపడానికి ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. గర్భిణులకు ఆ మాత్ర ఇవ్వకూడదు, కొందరికి రక్తంలో ఒక ఎంజైము లోపం వల్ల అది పడదు, కాబట్టి అదీ డాక్టరు చేతిమీదుగానే. ఫాల్సిపారం అనే ఇంకో రకమైతే మెదడుదాకా పోయి ప్రాణం తీస్తుంది. అందుకే జ్వరమొచ్చిన ఒక్కరోజు లోపే ఆశా కార్యకర్త దగ్గరో ప్రభుత్వ ఆస్పత్రిలోనో పరీక్ష చేయించుకోండి, డబ్బులు అడగరు. డాక్టరు అడగకముందే “ఫలానా ఊరికి పనికి పోయి వచ్చిన” అని మీరే చెప్పండి.

ఏడో రోజుకే చిన్నాయన, “ఒళ్లు తేలికైంది, ఇంకెందుకు మాత్రలు” అన్నాడు. చిన్నమ్మ ఊరుకోలేదు. మాత్ర మింగిన ప్రతిరోజూ పొయ్యి పక్క గోడమీద బొగ్గుతో ఒక గీత గీసింది. పద్నాలుగో గీత పడేదాకా ఆయనను బొంబాయి బస్సు ఎక్కనివ్వలేదు.