అంతా బాగుందా సార్?

నా దగ్గరున్న జవాబులన్నీ అయిపోయాయి. "బాగుందండీ", "చాలా బాగుంది", "ఫస్ట్‌క్లాస్" అన్నవి మొదటి పూటకే ఖర్చయ్యాయి. తర్వాత తల ఊపాను. తర్వాత బొటనవేలు చూపించాను. ఆఖరికి చెట్లకు కట్టిన వల ఉయ్యాల్లో కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తుంటే ఓ మెత్తని గొంతు చెవి దాకా వచ్చి, "నిద్ర బాగా పడుతోందా సార్?" అని అడిగింది.

హేవ్‌లాక్‌లో ఉన్నాం. అండమాన్ దీవుల్లో ఒకటి. 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారుగానీ, ఓడ ఎక్కించేవాడి దగ్గర్నుంచి టీ కొట్టువాడి దాకా మాకు కనపడ్డవాళ్ళంతా హేవ్‌లాక్ అనే అన్నారు. విజయనగర్ తీరాన కొబ్బరితోపులో ఎనిమిదే ఎనిమిది కుటీరాలు. కుటీరమంటే పైన ఆకుల కప్పు, కింద పడౌక్ చెక్క నేల, మధ్యలో ఏసీ. ఒక్క రాత్రి అద్దెతో మా ఊళ్ళో అరెకరం ఏడాది కౌలుకొస్తుంది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి నా షష్టిపూర్తికని బుక్ చేశాడు. పీటల మీద కూర్చుని, ఉన్న పెళ్ళాం మెళ్ళోనే మళ్ళీ తాళి కట్టి, ఊరందరికీ భోజనాలు పెట్టే కార్యక్రమం పాతబడిపోయిందట.

పెద్ద హోటళ్ళలో ఒక సుఖం ఉంది, మనల్ని ఎవరూ పట్టించుకోరు. ఎనిమిది కుటీరాల చోట ఆ అదృష్టం లేదు. అతిథులకన్నా సిబ్బంది ఎక్కువ. పొద్దున్న ఒక ఇడ్లీ వదిలేస్తే మధ్యాహ్నానికల్లా మేనేజరుకి తెలుస్తుంది, రాత్రికల్లా వంటాయన వచ్చి చేతులు కట్టుకు నిలబడతాడు. ఆకలి లేదయ్యా అంటే డాక్టర్ని పిలిపించమంటారా అంటాడు. నేను రోజూ కాసేపు గొణుక్కోకపోతే అన్నం అరగని మనిషిని. ఇక్కడ గొణగడానికి నోరు తెరిచేలోపే ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి క్షమాపణ చెప్పేస్తారు. ఇంక కడుపులో మిగిలిపోయిన గొణుగుడు ఎక్కడ పెట్టుకోవాలి?

దిగీ దిగగానే కొబ్బరిబోండం చేతిలో పెట్టారు. కోనసీమవాడికి బోండం! అందులో కాగితపు గొట్టం గుచ్చారు. రెండు గుక్కలకే మెత్తబడి పడుకుంది. ప్లాస్టిక్ వాడకపోవడం మంచిదే, కాదనను. గొట్టం తీసి పక్కన పెట్టి, మా ఊళ్ళో తాగినట్టు బోండం ఎత్తి గటగటా తాగేశాను. పక్క కుటీరం జర్మన్ దంపతులు ఫోటో తీసుకున్నారు. మేనేజరు నా చొక్కా మీద ఒలికిన నీళ్ళు చూసి, "తియ్యగా ఉన్నాయా సార్?" అన్నాడు.

మర్నాడు పదింటికి స్నానానికని తువ్వాలు భుజాన వేసుకుని వెళ్తే సముద్రం లేదు. నిజంగానే లేదు. ఆ తూర్పు తీరంలో ఆటు వచ్చిందంటే నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోయి పగడపు రాళ్ళూ, బురదా, శంఖాలు మోసుకు తిరిగే పీతలూ మిగులుతాయి. ఫోటోల్లో చూపించిన నీలం నీళ్ళు దూరాన గీతంత కనపడుతున్నాయి. "మధ్యాహ్నం దాటాక వచ్చేస్తుంది సార్," అన్నాడు మేనేజరు, పనిమనిషి ఆలస్యానికి సర్దిచెప్పే ఇంటాయన గొంతుతో. అప్పటిదాకా ఇసుకలో కూర్చున్నాను. ఇసుక ఈగలు కుట్టాయి. వాటికి మాత్రం నేను బాగానే ఉన్నానో లేదో అడిగే అలవాటు లేదు.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నా అసలు కోపం రాత్రి భోజనం మీద. అది ఎనిమిదింటికి. ఎనిమిదంటే ఎక్కడైనా ఎనిమిదే కదా అనుకుంటున్నారు మీరు. కాదు. దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి, ఓపిక పట్టండి.

1906లో ఇంగ్లీషువాళ్ళు దేశమంతటికీ ఒకే టైము పెట్టారు. ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశాన్ని పట్టుకుని లెక్క కట్టారు. ఆ రేఖ కాకినాడ పక్కనుంచి పోతుంది. మా జాగ్రఫీ మాస్టారు ఈ ముక్క చెప్పేటప్పుడు కుర్చీలోంచి లేచేవారు. ఢిల్లీలో ప్రధానమంత్రిగారు వాచీ చూసుకున్నా అది మన కాకినాడ టైమేరా అనేవారు. కలకత్తావాళ్ళు 1948 దాకా, బొంబాయివాళ్ళు 1955 దాకా సొంత టైము వదల్లేదని కూడా ఆయనే చెప్పారు. అప్పట్నుంచీ ఆ రెండు ఊళ్ళంటే నాకు కాస్త చిన్నచూపు. ఆ గర్వానికి శిక్ష ఈ దీవిలో పడింది. హేవ్‌లాక్ దాదాపు తొంభై మూడో డిగ్రీ మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, ఇక్కడి సూర్యుడు మన రేఖ మీద సూర్యుడికన్నా నలభై రెండు నిమిషాలు ముందు. డిసెంబరులో ఐదు కొట్టకుండానే అస్తమిస్తాడు. ఆ వేళకి ద్వారకలో ఇంకా గంటకు పైగా ఎండ ఉంటుంది. మే నెలలో పొద్దున్న ఐదు కాకుండానే వచ్చి కిటికీలో నిలబడతాడు. గడియారం కాకినాడది, సూర్యుడు దీవివాడు. మధ్యలో నా కడుపు.

అస్సాం తేయాకు తోటలవాళ్ళు నయం. తోట టైము అని గంట ముందుకి జరుపుకుని వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు. ఈ ఎనిమిది కుటీరాలకీ కుటీరం టైము ఒకటి పెట్టుకుంటే కేంద్ర ప్రభుత్వం వచ్చి అడుగుతుందా? మేనేజర్ని కూర్చోబెట్టి ఇసుకలో పుల్లతో గీసి చూపించాను. ఇది కాకినాడ, ఇది నువ్వు, ఇది సూర్యుడు. నువ్వు ఎనిమిదన్నప్పుడు నా కడుపులో ఎనిమిదీ నలభై రెండు. అతను బొమ్మ ఆసాంతం చూసి, "చాలా బాగుంది సార్," అన్నాడు. మర్నాడు ఆరింటికి గిన్నెడు జీడిపప్పు పంపించాడు. భోజనం ఎనిమిదింటికే పెట్టాడు.

"ఇంట్లో తొమ్మిదిన్నరకి టీవీ ముందు తింటారుగా," అంది మా ఆవిడ. ఆవిడకి జాగ్రఫీ మొదట్నుంచీ రాదు.

గది సర్దే కుర్రాడొకడు నేను ఆవిడ మీద విసుక్కోవడం విని గుమ్మంలోనే ఆగిపోయాడు. "తెలుగోళ్ళా సార్!" పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టాడట. తాతగారు శ్రీకాకుళం నుంచి ఓడలో వచ్చి అక్కడే ఉండిపోయారట. పోర్ట్ బ్లెయిర్‌లో అలాంటి తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. (2024లో ఆ ఊరికీ పేరు మార్చి శ్రీ విజయపురం అన్నారు.) నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి గొణగడానికి సొంత భాషలో ఓ మనిషి దొరికాడు. ఆటూ, ఈగలూ, జీడిపప్పూ, రేఖాంశమూ అన్నీ చెప్పుకున్నాను. పాపం మంచివాడు, దుప్పటి మడతపెడుతూ అన్నీ విన్నాడు. విని, "మిగతాదంతా బాగున్నాదా సార్?" అన్నాడు.

ఆ రాత్రి మా అబ్బాయి వీడియోలో కనపడ్డాడు. అక్కడ తెల్లవారుతోంది. "అంతా బాగుందా నాన్నా?" వాడు కట్టిన డబ్బు నాకు తెలుసు. బాగుందిరా అన్నాను.

మా నాన్నగారు ఉత్తరం రాస్తే మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను. 1996 నవంబరు తుఫాను కోనసీమ మీద పడ్డప్పుడు నేను నాగపూరులో ఉద్యోగంలో ఉన్నాను. ఫోన్లు కలవలేదు. చాలా రోజులకి కార్డు వచ్చింది. మొదటి వాక్యం అదే. కొబ్బరిచెట్లలో నిలబడ్డవి తక్కువ అన్నది మూడో వాక్యం. కంగారుపడి రావద్దు, సెలవు దండగ అన్నది నాలుగోది. ఒక్క అక్షరం వంకర పోలేదు.

నీ ఉద్యోగం సంగతేమిట్రా, మీ కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారట కదా అని అడిగాను. "ఇక్కడంతా బాగానే ఉంది నాన్నా," అన్నాడు. ఆ మాట నాకు చేతిరాతతో సహా తెలుసు. వాడు మాట మార్చాడు, నేనూ మారనిచ్చాను. బీచ్ చూపించమన్నాడు. చీకట్లో ఏం చూపిస్తాను? కొబ్బరిచెట్లకి కట్టిన రంగు దీపాలు చూపించాను.

వచ్చేసే రోజు అభిప్రాయం రాయమని కాగితం ఇచ్చారు. ఐదు నక్షత్రాలూ నింపి, సూచనలన్న చోట మాత్రం కాకినాడ రేఖ గురించి కాగితం వెనక దాకా రాశాను. చదివితే బాగుపడతారు.

మీలో ఎవరైనా వెళ్తుంటే ఓడ టిక్కెట్టు ముందే కొనుక్కోండి, ఈగల మందు పట్టుకెళ్ళండి. ఆటుపోట్ల వేళలు కనుక్కుని స్నానానికి వెళ్ళండి. గవ్వలూ పగడాలూ ఏరి సంచిలో వేసుకోకండి, నేరం. రాధానగర్ తీరం 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసిన చోటు. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు, వెతికినా దొరకలేదు. శీతకాలమైతే అక్కడికి నాలుగు గంటలకల్లా చేరండి, లేకపోతే సూర్యుడు మీకోసం ఆగడు. ఇంకొకటి, రాత్రి భోజనం ఏడింటికే కావాలని డబ్బు కట్టేముందే రాయించుకోండి.