పావురం చేసిన పాపం

కొత్త కారు టాప్ మీద క్లియర్‌కోట్ (రంగుపై పారదర్శక పూత) పొరలు లేస్తే సర్వీస్ అడ్వైజర్ ముందు ఆకాశంకేసి చూస్తాడు. పక్షి రెట్ట, ఎండ, ఆమ్లవర్షం... నిందితుల జాబితాలో ఫ్యాక్టరీ పేరు మాత్రం ఉండదు. రెట్ట రంగును తింటుంది, కాదనం. కానీ పడ్డచోటే మచ్చ చేస్తుంది. ఏడాది తిరక్కుండానే అరచేయంత పొర ఉల్లిపొరలా ఊడివస్తే అనుమానించాల్సింది పావురాన్ని కాదు, ఫ్యాక్టరీ పెయింట్ షాపును. కస్టమరే బయట రంగు కొట్టించి వారంటీ అడుగుతున్నాడేమో అంటారా? మందం కొలిచే మీటర్ పెట్టండి, మైక్రాన్లే సాక్ష్యం చెబుతాయి.

ప్రభుత్వం రీకాల్ చేయించదా అంటే, మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 110ఎ సెక్షన్‌కు ప్రజలకో పర్యావరణానికో హాని చేసే లోపాలే కనిపిస్తాయి. ఊడిన రంగు ఎవరినీ చంపదు కదా! ఇక దిక్కు జిల్లా వినియోగదారుల కమిషనే. రూ.50 లక్షల లోపు బండి కేసు అక్కడే వేయొచ్చు. లోపం తేల్చడానికి ల్యాబ్ పరీక్షకూ పంపిస్తారు. అందుకే డెలివరీ రోజు దండ, కొబ్బరికాయ, సెల్ఫీలకు ముందే పగటివెలుగులో రంగు చూసుకోండి. జాబ్‌కార్డులో ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించుకోండి.